నీళ్లు లేవన్నాను

చాలా ఏళ్లుగా ఒక మాట మోస్తున్నాను. పెద్ద మాటేమీ కాదు. రెండే ముక్కలు. దొంగతనం చేశానని ఒప్పుకోవడం కూడా ఇంతకంటే తేలికేమో. ఈ మాట బయట పెట్టాలంటే ముందు నా సిగ్గును చంపుకోవాలి. నాకున్న రోగమే సిగ్గు. అందుకే ఇన్నేళ్లు పట్టింది.

పేరు చెప్పను. ఊరు పేరూ చెప్పను. గుమ్మఘట్ట వైపని అనుకోండి. మీరు నన్ను ఎరగరు, నేను మిమ్మల్ని ఎరగను, అదే నాకు మేలు. ఇంట్లో చెబుదామని ఎన్నోసార్లు నోరు తెరిచాను. తెరిచిన ప్రతిసారీ వేరే మాట వచ్చింది. ఉప్పు అయిపోయిందనో, గొర్రెపిల్ల కుంటుతోందనో ఏదో ఒకటి అనేసి లేచిపోయేదాన్ని.

అప్పట్లో వరుసగా చెనక్కాయ పైరు ఎండిపోయింది. బోరు వేయిస్తే దుమ్ము లేచింది. మా ఆయన బళ్ళారికి సెంట్రింగు పనికి పోయాడు. నాకు రాయదుర్గం రోడ్డులో ఒక పెట్రోలు బంకులో పని దొరికింది. బండ్లకు పెట్రోలు పట్టే పని. ఇంట్లో మాత్రం రాసే పనని చెప్పాను. ఫ్యాను కింద కూర్చుని బిల్లులు రాస్తానన్నాను. ఇంటరు దాకా చదివాను కాబట్టి అందరూ నమ్మారు.

ఎందుకు అబద్ధం? పట్టే పనికి యూనిఫారం ఉంది, అందుకు. ప్యాంటు, షర్టు, నెత్తిన టోపీ. షర్టును ప్యాంటులోకి దోపి పైన బెల్టు పెట్టుకోవాలి.

అవి మగవాళ్ల కొలతలకు కుట్టిన బట్టలు. నేను మొదటినుంచీ సన్నటి మనిషిని కాను. ఇద్దరు పిల్లలు పుట్టాక పొట్ట జారింది, నడుము కింద వెడల్పు అయ్యాను. చీరలో ఉన్నన్నాళ్లూ నా ఒళ్లు ఇలా ఉందని నాకే సరిగ్గా తెలియదు. ప్యాంటు తొడిగిన రోజు తెలిసింది. నడుం దగ్గర గుండీ అందలేదు, పిన్నీసు పెట్టాను. షర్టు గుండీల మధ్య సందులు తెరుచుకుంటే లోపలినుంచి ఇంకో రెండు పిన్నీసులు పెట్టాను. బెల్టు బిగిస్తే పొట్ట పైకి వచ్చేది, వదులు చేస్తే కిందికి జారేది. వెనకభాగం ఎవరికీ కనబడకూడదని బంకులో గోడవారగా, ఎండ్రకాయలా పక్కవాటుగా నడిచేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది. అప్పుడు నవ్వు రాలేదు.

బైకుల మీద వచ్చే కుర్రాళ్లకు మాత్రం బాగా వచ్చేది. నాకు ఫుల్ ట్యాంక్ అని పేరు పెట్టారు. "యాడప్పా మన ఫుల్ ట్యాంకక్క?" అని అరుస్తూ వచ్చేవాళ్లు. నేను వినపడనట్టు మీటరు వైపు చూస్తూ నిలబడేదాన్ని. ఇంటికి పోయి రెండు పూటలు కడుపు మాడ్చుకునేదాన్ని, మూడో పూట ఆకలికి తాళలేక రెండింతలు తినేదాన్ని. మా ఊరి బండి ఏదైనా వస్తే టోపీ ముక్కు మీదికి లాక్కుని వెనక గదిలోకి పారిపోయేదాన్ని. పొద్దున చీరలో పోవడం, ఆ గదిలో మార్చుకోవడం, సాయంత్రం మళ్లీ చీరలో ఇల్లు చేరడం. ఇదీ నా బతుకు.

ఇప్పుడు మా మామ గురించి చెప్పాలి. మా ఆయన నాయన. జీవితమంతా గొర్లు కాసిన మనిషి. మా ఇళ్లలో కోడలు మామ ముందు కూర్చోదు, తలమీద కొంగు లేకుండా తిరగదు. చాలామంది మామలు ఆ బరువంతా కోడలి మీదే వేస్తారు. మా మామ తన వంతు తానూ మోసేవాడు. ఇంట్లోకి వచ్చే ముందు గుమ్మం బయట నిలబడి దగ్గేవాడు. నేను కొంగు సర్దుకునేంతసేపు ఆగి, అప్పుడు లోపలికి వచ్చేవాడు. తలెత్తి నన్ను చూసి మాట్లాడింది లేదు. ఉద్యోగం వద్దని అత్త గోల పెడితే నా తరఫున మాట్లాడింది మాత్రం ఆయనే. ఆ తర్వాత ఎవరు కనబడినా అదే చెప్పేవాడు, "మా కోడలు బంకులో రాస్తాది" అని. ఆ మాట విన్నప్పుడల్లా నాకు తేలు కుట్టిన దొంగలా ఉండేది.

ఆ రోజు మంచి ఎండాకాలం. పొద్దున బస్సుకు టైమైపోతోందని పరుగెత్తి, అన్నం క్యారియరు ఇంట్లోనే మరిచిపోయాను. మధ్యాహ్నం ఒక బైకుకు పెట్రోలు పట్టాను. ట్యాంకు మూత కింద పడితే తీద్దామని వంగాను. ప్యాంటు వెనక కుట్టు పర్రున పిగిలింది. బైకు మీద ఇద్దరున్నారు. ఒకడు నవ్వాడు. ఇంకొకడు చప్పట్లు కొట్టాడు. చేతులు వెనక్కి పెట్టుకుని గదిలోకి వెళ్లి గడియ వేసుకున్నాను. అది ఆయిల్ డబ్బాలు పెట్టే గది. మేం తాగే నీళ్ల క్యానులు కూడా అక్కడే ఉంటాయి. క్యానుకు వీపు ఆనించి నేలమీద కూలబడి ఏడ్చాను. నా ఒంటిని నేనే తిట్టుకున్నాను. ఎంత తిట్టుకున్నానంటే, అది నాది కాదన్నట్టు తిట్టుకున్నాను.

అప్పుడు బయట మామ గొంతు వినిపించింది.

డీజిలు పంపు దగ్గర మాబన్న ఉన్నాడు. నాకంటే పెద్దవాడు, మంచివాడు. మా ఊరినుంచి ఎవరైనా వచ్చి అడిగితే అలాంటి మనిషి ఇక్కడ లేదని చెప్పమని నేనే ఎప్పుడో ఆయన్ని బతిమాలాను. మాట నిలబెట్టుకున్నాడు.

"అన్నా, ఈడ మా కోడలు పన్జేస్తాది. రాసే పని. రొంత పిలుస్తావా?"

"రాసే పనికి ఆడోళ్లు ఎవురూ లేరు తాతా. రాయదుర్గం దిక్కు ఇంకో బంకుండాది. ఆడ అడుగు."



"అట్లనా. నేనే తప్పు ఇన్నానేమోలే. సద్ది మర్సిపోయింది, ఇచ్చిపోదామని వచ్చినా. నడిసొచ్చినా నాయనా. రొన్ని నీళ్లుంటే ఇయ్యి."

మాబన్న లారీకి డీజిలు పడుతున్నట్టున్నాడు. దాహమనేసరికి నాకిచ్చిన మాట మరిచాడేమో. "నా చెయ్యి ఖాళీ లేదు తాతా. ఆ రూము తలుపు తట్టు, ఇస్తాది."

చెప్పుల చప్పుడు దగ్గరికి వచ్చింది. తలుపు తట్టలేదు. బయట నిలబడి దగ్గాడు. మా ఇంటి గుమ్మం ముందు దగ్గినట్టే.

"నీళ్లు లేవు," అన్నాను. గొంతు బొంగురు చేసుకుని అన్నాను. "అయిపోయినాయి."

నా వీపుకు ఆనుకుని ఉన్న క్యాను నిండుగా ఉంది. దాని చల్లదనం చెమటతో తడిసిన షర్టులోంచి ఒంటికి తగులుతోంది.

తలుపవతల ఆయన కదల్లేదు. తర్వాత మెల్లగా అన్నాడు. "సరేలేమ్మా. నువ్వు బయటికి రావద్దులే."

చెప్పుల చప్పుడు దూరమైంది.

నా చీర సంచిలోనే ఉంది, చేతికందే దూరంలో. కట్టుకోవడానికి ఎంతసేపు పడుతుంది? పెళ్లయినప్పటినుంచీ రోజూ కట్టుకుంటున్నదే. చుట్టబెట్టుకుని, చెంబుతో నీళ్లు తీసుకుని, తల వంచుకుని బయటికి వస్తే ఏమయ్యేది? అదీ చేతకాకపోతే తలుపు కాస్త తెరిచి చెయ్యి ఒక్కటి బయట పెట్టి గ్లాసు అందించొచ్చు కదా? చెయ్యి చూస్తే ఏం తెలుస్తుంది? ఇవన్నీ అప్పుడు తట్టలేదని అబద్ధం చెప్పను. తట్టాయి. అయినా లేవలేదు. మామ ముందు కోడలు ప్యాంటులో కనబడకూడదని, అది మా పద్ధతని, చాలా ఏళ్లు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అది కూడా అబద్ధమే. పద్ధతి గురించి ఆలోచించేంత మంచిదాన్ని కాదు నేను. అంత లావుగా, అంత తడిగా, చినిగిన బట్టలో ఉన్న నా ఒంటిని నన్ను గొప్పగా చెప్పుకునే ఒకే ఒక్క మనిషి చూడకూడదనుకున్నాను. అందుకు ఆయన దాహాన్ని పణంగా పెట్టాను. మా సీమలో పగవాడు వాకిట నిలబడినా ముందు నీళ్లిచ్చి తర్వాత పోట్లాడతారు.

కనీసం తలుపు సందులోంచైనా చూడలేదు. చూసి ఉంటే ఆయన ఎటు తిరిగాడో తెలిసేది. ఇంటి దారి పట్టాడా, రాయదుర్గం వైపు పోయాడా? ఆ సంగతి ఇప్పటికీ నన్ను తొలుస్తోంది. ఎందుకో కాసేపట్లో మీకే అర్థమవుతుంది.

కొంతసేపటికి మాబన్న వచ్చి తలుపు కొట్టాడు. "నీళ్లు అయిపోతే సెప్పద్దామ్మా, తెప్పించేవాణ్ణి కదా," అంటూ క్యాను ఎత్తబోయాడు. అది కదల్లేదు. నా వైపు చూశాడు. ఒక గ్లాసు వంచుకుని తాగి వెళ్లిపోయాడు. ఆ తర్వాత పని మాట తప్ప నాతో ఇంకో మాట మాట్లాడలేదు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి మామ మంచం మీద ఉన్నాడు. నుదుటి మీద తడిగుడ్డ. ఒళ్లు కాలిపోతోంది. అత్త తల బాదుకుంటోంది. "ఈ ఎండలో గొర్లెనక పొయ్యేది ఏం పని ఈ ముసలోనికి? దావన పడిపోతే పక్కూరోళ్లు ఆటోలో ఎత్తుకొచ్చినారు." గొర్లెనక పోయానని ఆయనే చెప్పాడట. బంకు పేరే ఎత్తలేదట. నా క్యారియరు పొద్దున నేను మరిచిన చోటే, కిటికీలో ఉంది. ఆయన సద్దేననుకుని అత్త పెట్టినట్టుంది. మూత తీశాను. జొన్నరొట్టె, చెనక్కాయ ఊరుబిండి పచ్చడి, ముట్టినట్టు లేదు.

అప్పుడు నేను చేసిన పని ఇంకా నీచం. అత్తతో కలిసి నేనూ ఆయన్ని తిట్టాను. "అవునత్తా, వయసు గుర్తుండొద్దా? ఎండలో ఎవురు పొమ్మన్నారు?" అన్నాను. అలా అనకపోతే అనుమానం వస్తుందని భయపడ్డాను. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు.

వడదెబ్బన్నారు. డాక్టరు వచ్చి సెలైను పెట్టాడు. జ్వరం తగ్గింది కానీ మనిషి లేవలేదు. వయసు కూడా అయింది, ఎండ వల్లే అని చెప్పలేమని డాక్టరు అన్నాడు. ఆ మాట నాకు ఊరటగా అనిపించింది. అలా అనిపించినందుకూ సిగ్గుపడుతున్నాను. మంచం మీద ఉన్నన్నాళ్లూ చెంచాతో నేనే నీళ్లు తాపాను. ఆయన నన్ను ఒక్క మాట అడగొచ్చు. అడగలేదు. ఒకసారి చూడ్డానికి వచ్చిన చుట్టపాయనతో, తడబడే నాలుకతో, "మా కోడలు బంకులో రాస్తాది" అన్నాడు. అప్పుడు కూడా నా వైపు చూడలేదు. తొలకరి పడకముందే పోయాడు.

మంచంలో ఉండి కూడా బంకులో రాస్తాదని ఎందుకన్నాడు? నేను గొంతు మార్చినా పోల్చుకుని, లోపల ఏదో చూడకూడని స్థితిలో ఉన్నానని గ్రహించి, నా మానం కాపాడదామని గుక్కెడు నీళ్లైనా తాగకుండా వెనక్కి తిరిగాడా? "బయటికి రావద్దులే" అన్నది నాకేనా? లేక నిజంగానే నేను ఆ బంకులో లేననుకున్నాడా? అలా అనుకుని ఉంటే, రోజూ చీర కట్టుకుని కోడలు ఎక్కడికి పోతోందని అనుకున్నట్టు? ఇంకో బంకుకూ పోయి అడిగాడా? అక్కడా లేదని విని, ఏ చెడు అనుమానమో మనసులో పెట్టుకుని, అయినా నన్ను పదిమందిలో నిలబెట్టడానికి ఆ మాట అన్నాడా? ఈ రెండింట్లో ఏది నిజమైనా నాకు నిద్ర పట్టదు. తెలుసుకోవడానికి ఆయన లేడు.

ఇప్పుడు నేను వేరే బంకులో ఉన్నాను. నాతోపాటు పనిచేసే ఆడపిల్లలు అదే ప్యాంటు వేసుకుని, నాలాంటి పొట్టలే పెట్టుకుని, గట్టిగా నవ్వుతూ బండ్ల మధ్య తిరుగుతున్నారు. "పొట్ట ఉండక యాడికి పోతాదక్కా, తింటాండాం కదా!" అంటుందొక పిల్ల. వాళ్లను చూస్తే ముచ్చటేస్తుంది. వెంటనే నన్ను నేనే అడుగుతాను. ఇంత చిన్నదానికా అంత పని చేశాను?

ఏటా పెద్దల అమావాస్యకు ఇంట్లో పెద్దలకు పెడతాం. ఆయన ఫోటో ముందు విస్తరి వేసి, చెంబుతో నీళ్లు పెట్టాలి. ప్రతిసారీ అత్త నన్నే పెట్టమంటుంది. మంచంలో ఉన్నప్పుడు నీ చేతి నీళ్లే తాగినాడు కదమ్మా, నువ్వే పెట్టు అంటుంది. మొన్న కూడా అంతే అంది. పెట్టాను. చెంబు పక్కన పెట్టి వెంటనే లేవలేకపోయాను. "ఏమ్మే, ఏమైంది?" అంది అత్త. ఏమీ లేదన్నాను. ఇంట్లో ఇక చెప్పలేనని ఆ రోజే తెలిసిపోయింది. అందుకే మీకు చెబుతున్నాను. నన్ను క్షమించమని అడగడం లేదు, అది మీ చేతిలో లేదు. ఒక్కసారి నా నోటితో నిజం అనాలి, అంతే. క్యాను నిండా నీళ్లున్నాయి మామా. లోపలున్నది నేనే.