ఇస్త్రీపెట్టె మచ్చ

ఇర్విన్ సోబెల్ నవల వచ్చిన ఏడాది బ్రాంక్స్‌లో మా వీధి ఆడవాళ్లందరూ దాన్ని తిట్టారు, అందరూ చదివారు. అందులో కథానాయకుడు యూదుడిగా పుట్టినందుకు మూడు వందల పేజీలు విసుక్కుంటాడు. బయటి అమ్మాయిల వెంట పడతాడు. కానీ ఎవరి పక్కన పడుకున్నా అతనికి గుర్తొచ్చేది తన వీధి అమ్మాయి వీపే. భుజం వెనక ఇస్త్రీపెట్టె తగిలి కాలిన, పడవలాంటి మచ్చ. ఏ భుజమో రాయలేదు. మా మతగురువు రబ్బీ గారు ప్రార్థన జరిగే సినగాగులోనే ఆ పుస్తకాన్ని దుమ్మెత్తిపోశారు. మర్నాటికి దుకాణంలో ఒక్క ప్రతి మిగల్లేదు.

ఆ వీపు ఎవరిదో చెప్పగలిగింది గీటెల్ వాక్స్‌మన్ ఒక్కతే. నలభై అయిదేళ్ల మనిషి, భర్త పోయాడు, పిల్లలు లేరు. పదకొండేళ్లుగా మిక్వాలో పని. నెలసరి అయ్యాక పెళ్లయిన ఆడవాళ్లు వచ్చి మునిగే కొలను అది. గోళ్లు చూడాలి, వీపు మీద రాలిన వెంట్రుకలు తీయాలి, తల పూర్తిగా మునిగాక, శుద్ధి అయినట్టు "కోషెర్" అనాలి. ఆమె ఆ మాట అంటేనే మునక చెల్లుతుంది. అక్కడ చూసింది గడప దాటకూడదు. భర్త లేని గీటెల్‌కు మాత్రం ఆ నీళ్లలో దిగే పని లేదు. ఇన్నేళ్లలో ఆమె వీపు ఎవరూ చూడలేదు.

ఇరవై రెండేళ్ల కిందట, ఒక వేసవంతా, ఇర్విన్ ఆదివారాలు గీటెల్‌ను పార్కులో నడకకు తీసుకెళ్లేవాడు. తను రాయబోయే పుస్తకం గురించి చెప్పేవాడు. చెయ్యి కూడా పట్టుకోలేదు. ఇప్పుడు ఆ పుస్తకాన్ని ఆమె రెండుసార్లు చదివింది. ఒక్క ఆదివారం కూడా కనిపించలేదు.

మచ్చ మాంసం కొట్టు కాంటర్ భార్య బ్లూమాది. ఎడమ భుజం.

ఆ నెల బ్లూమా వచ్చి మూడు మునకలు వేసింది. గీటెల్ "కోషెర్" అనలేదు.

"జుట్టు తేలింది. మళ్లీ."

బ్లూమా మునిగింది.

"మళ్లీ."

ఏడో మునకకు బ్లూమా పెదవులు నీలంగా మారాయి. "చదివావన్నమాట," అంది.

"ఎప్పుడు?"

"నా పెళ్లికి ముందు, ఇరవై రెండేళ్ల కిందట. ఆ ఒక్క వేసవే."

"ఏ రోజుల్లో?"

"బుధవారాలు. ఎందుకే, డైరీలో రాసుకుంటావా? చలికి చచ్చేలా ఉన్నాను, అనవే ఆ మాట!"

"కోషెర్," అంది గీటెల్. తువ్వాలు అందించకుండా పక్కన కుర్చీ మీద పడేసింది.

శుక్రవారం ఉదయం రొట్టెల కొట్లో వరస పెద్దగా ఉంది, అందులో బ్లూమా కూడా ఉంది. కొట్టు యజమానురాలు పెర్ల్ నోటికి మూత లేదు.

"గీటెల్, వీధిలో వీపులన్నీ చూసేది నువ్వే కదటే! చెప్పవే తల్లీ, ఒక రొట్టె ఊరికే ఇస్తా."

"రెండిస్తే నీ మొగుడి వీపు కూడా చెబుతుంది," అంది వెనక నుంచి ఎవరో.

"బ్లూమా, నీదేమోనే? ఎండాకాలం కూడా వీపు కనపడనివ్వవు!" అంది పెర్ల్.

అందరూ నవ్వారు. బ్లూమా చెయ్యి తనంతట తానే భుజం మీదికి వెళ్లింది. గీటెల్ చూసింది. పేరు నాలుక చివర ఉంది. అంటే చాలు, కాంటర్ ఇల్లు కూలుతుంది. కానీ అన్న మరుక్షణం నుంచి ఆ పుస్తకం బ్లూమాది అయిపోతుంది. పార్కు, వేసవి, మూడు వందల పేజీలు, అన్నీ.

"నాది," అంది గీటెల్.

వరసలో ముందున్న రబ్బీ గారి భార్య వెనక్కి తిరిగింది. "గీటెల్, అలాంటప్పుడు మిక్వా తాళం చెవి ఇచ్చెయ్యమ్మా."

గీటెల్ సంచిలోంచి తీసి ఇచ్చింది. తర్వాత తన రొట్టె తీసుకుని డబ్బులిచ్చి మరీ బయటికి నడిచింది.

మిక్వా పని పోయాక గుండీల కొట్లో కుదిరింది. వీధంతా ఆమెను వింతగా చూసేది. కొందరు సిగ్గుపడుతూనే ఆ వేసవి గురించి అడిగేవారు. ఆమె కాస్త కాస్త చెప్పేది.

రెండు నెలలకు ఒక బుధవారం బ్లూమా వచ్చింది. గుండీలేవీ అడగలేదు. బల్ల మీదికి వంగి గొంతు తగ్గించింది.

"కుడి భుజమని చెబుతున్నావట అందరికీ."

"అవును."

"ఎడమే అది. నీకు తెలీదూ? చెప్పేదేదో సరిగ్గా అయినా చెప్పు."

"నాది కుడే," అంది గీటెల్, గుండీల డబ్బా మూత బిగిస్తూ.