వరుసలో చివరి గోలీ

మావాడి స్కూల్లో సైన్సు ప్రదర్శనలో, దారాలకు వరుసగా వేలాడే ఉక్కు గుండ్లు టక్కుమన్నాయి; ఈ చివరిది తగిలితే ఆ చివరిది ఎగిరింది. నాకు నా గోలీలు గుర్తొచ్చాయి.

నాకప్పుడు ఏడేళ్లు. రఘునాథపల్లిలో మా ఇంటి ముందు మూడు గోలీలను వరుసగా ఆనించి పెట్టి, బాపు, అమ్మ, నాయినమ్మ అని పేర్లు పెట్టాను. నా గోలీతో బాపును కొడితే మధ్యనున్న అమ్మ కదలనే లేదు. నాయినమ్మ మాత్రం ఎగిరి మోరీలో, మురికినీళ్లలో పడింది. ఆ సాయంత్రమే నాయినమ్మ స్పృహ తప్పింది. బాపు జనగామ దవాఖానకు తీసుకుపోయాడు.

"అమ్మా, నాయినమ్మను నేనే కొట్టిన," అన్నాను.

"నీతోని ఏం గాలేదు బిడ్డా. రేపో మాపో ఇంటికొస్తది," అంది అమ్మ, తొణక్కుండా బియ్యంలో రాళ్లేరుతూ.

మూడోనాడు నాయినమ్మ ఆటో దిగి నడిచొచ్చింది. అప్పుడు ఏడ్చింది అమ్మ, వెక్కివెక్కి.

"మధ్యలోవి కదలవు గానీ, దెబ్బంతా వాటిలోంచే పోతుంది," అని మావాడి సారు ఆ గుండ్లు చూపిస్తూ పిల్లలకు చెబుతున్నాడు.