పంపాపతన్నకు చెప్పిన సీరియల్

నిన్న సాయంత్రం కౌల్ బజారులో చెప్పులు కుట్టించుకుంటూ నిలబడి ఉంటే, పక్క అంగట్లో ఎవరి ఫోనులోనో, మేము చూసిన సీరియల్‌లో పేర్లప్పుడు వచ్చే డప్పు మోగింది. ముందు ఎక్కడో దూరంగా, తర్వాత గుండె మీద కొట్టినట్టు. ఆ సీరియల్ కొత్త భాగం వచ్చిందట. ఆటోల హారన్లు, బేరాల అరుపులు, బండ్ల పొగ, ఇన్నింటి మధ్యా ఆ డప్పు మాత్రం నాకు విడిగా వినపడింది. నా నోరు దానంతట అదే తెరుచుకుంది. "పేర్లు పడతాండాయన్నా," అన్నాను. చెప్పులు కుట్టే మనిషి తలెత్తి చూసి, నేను తనతో మాట్లాడలేదని తెలుసుకుని మళ్ళీ దారం లాగాడు.

చెప్పుకోకూడదు గానీ, బళ్ళారి మొత్తంలో కండ్లు లేని మనిషికి టీవీ చూపించిన మొగవాణ్ణి నేనొక్కణ్ణే. నేను చెబుతుంటే కత్తి మీద లైటు పడి మెరిసేది. రక్తం గోడ మీద ఏ రంగులో పడిందో, ఆరేసరికి ఏ రంగుకు తిరిగిందో కూడా వదిలేవాణ్ణి కాదు. పంపాపతన్న తన మీద చిందుతుందేమోనన్నట్టు కుర్చీలో వెనక్కి జరిగేవాడు. కండ్లున్న వాళ్ళు కూడా టీవీ వదిలేసి నా మొహం వైపు తిరిగేవాళ్ళు.

పంపాపతన్న ఎవరో మీకు తెలియదు. సిరుగుప్ప వైపు నల్లరేగడి సేద్యగాళ్ళ ఇంటివాడు. ఇనుప ఖనిజం తవ్వకాల రోజుల్లో పొలం తమ్ముళ్ళకు వదిలి లారీలు కొన్నాడు. కౌల్ బజారు వెనక సందులో ఆఫీసు పెట్టాడు. నాది బట్టల వ్యాపారం చేసిన ఇల్లు. మా నాయన కాలానికే ఆ అంగడి మూతపడింది. పంపాపతన్న దగ్గర బుకింగ్ గుమాస్తాగా చేరి, జుట్టు తెల్లబడేదాకా అక్కడే కూర్చున్నాను. నన్ను శెట్టప్పా అని పిలిచేవాడు. ఆయన మాటల్లో పొదుపరి, నేను దుబారా మనిషిని. డ్రైవరు నిలబడి ఉంటే తాను కూర్చునేవాడు కాదు. లోడు మీద టార్పాలు కట్టినాక తాడు తానే లాగి చూసుకునేవాడు. కోపం వస్తే అరవడు, కండువా తీసి భుజం మార్చుకుంటాడు. ఆ కండువా భుజం మారిందంటే యార్డులో అందరూ ఎవరి పనిలోకి వాళ్ళు జారుకునేవాళ్ళు.

ఆ రోజుల్లో ఊరంతా ఎర్రగా ఉండేది. వేపాకులు ఎరుపు, ఆరేసిన పంచెలు ఎరుపు, పాల మీద మీగడ కూడా ఎరుపే. మీగడ సంగతి కొంచెం ఎక్కువైంది, మిగతాది నిజం. ఏ బండీ నిలబడకూడదు, నిలబడితే లోడు పక్క ఆఫీసుకు పోతుంది. కెంచనగుడ్డ నుంచి వచ్చిన హనుమంతు అని ఒక డ్రైవరు ఉండేవాడు. ఒక రాత్రి ఓడరేవు దాకా పోయి వచ్చి అప్పుడే బండి దిగాడు. కండ్లు నిప్పుల్లా ఉన్నాయి. పంపాపతన్న వాణ్ణి చూశాడు, నిండిన లోడును చూశాడు. "ఇదొక్క ట్రిప్పు వేసి రాపో హనుమంతూ. వచ్చినాంక ఎంతసేపన్నా పండుకుందువు," అన్నాడు. హనుమంతు కొళాయి కింద తల పెట్టి, నీళ్ళు కారుతుండగానే బండెక్కాడు. ట్రిప్పు చీటీ రాసిచ్చింది నేనే. తెల్లారేసరికి సండూరు రోడ్డు మలుపులో బండి గుట్టకు కొట్టుకుని ఉంది. బతికిన క్లీనరు ఒకే మాట చెప్పాడు. "కండ్లు తెరుచుకోనే నిద్రపోయినాడన్నా."

మా లారీ లైనులో ఒక పద్ధతి ఉంది. శవం కంటే ముందు కబురు పోవాలి, కబురుతో ఓనరు పోవాలి. ఓనరుకు నోరు పెగలదు కాబట్టి మాట వచ్చినవాడు ఒకడు వెంట పోవాలి. అలా నేను జీపెక్కాను. కెంచనగుడ్డలో ఆ ఇంటికి పోయేసరికి హనుమంతు భార్య ఈరమ్మ గడపలో చేట పెట్టుకుని బియ్యంలో రాళ్ళేరుతోంది. పంపాపతన్న వచ్చి నిలబడ్డాడు, అంతే. ఈరమ్మ ఆయన మొహం, నా మొహం మార్చి మార్చి చూసింది. అప్పుడు నేను మొదలుపెట్టాను. కట్టెల మోపు ఎత్తుకుని ఒక ముసలామె రోడ్డుకు అడ్డం వచ్చిందని, ఆమెను తప్పించబోయి హనుమంతు బండిని గుట్టకు తిప్పాడని, పోయేటప్పుడు కూడా ఆ ముసలామె గురించే అడిగాడని చెప్పాను. "మనిషి కాదమ్మా, దేవుడు," అన్నాను. ముసలామె తలగుడ్డ రంగు కూడా చెప్పినట్టు గుర్తు. ఈరమ్మ ఏడవలేదు. "ఆ యవ్వకు ఏం కాలేదు గదా?" అని అడిగింది.

తిరిగి వస్తుంటే కాలువ వంతెన దగ్గర పంపాపతన్న జీపు ఆపాడు. కండువా భుజం మార్చాడు.

"మంచి చావు ఇచ్చినావు శెట్టప్పా వానికి."

"ఆ యమ్మ మనసుకు కొంచెం ఊరటగా ఉంటాదని అన్నా."

"ఆ కతలో నేను యాడుండా?"

నాకు అర్థం కాలేదు.

"నిద్ర లేనోన్ని బండెక్కిచ్చినోడు ఒకడుండాడు గదప్పా. ముసలామెను తెచ్చి పెట్టి, వాన్ని తీసేసినావు."

జీపు వెనక్కి తిప్పాడు. ఈరమ్మ ఇంకా గడపలోనే ఉంది, చుట్టూ అమ్మలక్కలు చేరారు. వాళ్ళందరి ముందూ నిలబడి, "అమ్మా, ముసలామె ఎవరూ లేరు. నీ మొగుడు నిద్ర లేక సచ్చినాడు. పంపింది నేను," అన్నాడు. ఈరమ్మ చేట తీసుకుని లోపలికి పోయి తలుపు మూసుకుంది. ఆ తలుపు వైపు చేతులు జోడించి ఆయన నిలబడిన తీరు నాకు ఇప్పటికీ కండ్ల ముందే ఉంది. ఆ తర్వాత ఆఫీసు వసారాలో నులక మంచాలు వేయించాడు. ఓడరేవు నుంచి వచ్చిన డ్రైవరు ఆ మంచం మీద నిద్రపోయి లేస్తే తప్ప తాళంచెవి ఇచ్చేది లేదు. లోడ్లు పక్క ఆఫీసుకు పోయాయి, పోనిచ్చాడు.

ఖనిజం తవ్వకం ఆగింది. లారీలు అమ్ముడుపోయాయి. షుగరు వచ్చి, మెల్లగా ఆయన చూపు తీసుకుపోయింది. ఇంట్లో ఆయన, ఆయన భార్య సుంకమ్మ వదిన, ఒక పెద్ద టీవీ. దీపాలు పెట్టే వేళకు నేను పోయేవాణ్ణి. మా లారీలు బాగుచేసిన మేస్త్రీ మస్తాను వచ్చేవాడు. పక్కింట్లో ఉండే రిటైరైన కన్నడ మాస్టరు కొట్రేశప్ప వచ్చేవాడు. ఎక్కడో ఉత్తరాదిన బొగ్గు గనుల ఊరు, అక్కడ రెండు ముఠాలు, వాళ్ళను నమ్ముకున్న పోలీసులు, అదీ సీరియల్ కథ. తెలుగులోకి మార్చి వేసేవాళ్ళు. మాటలు పంపాపతన్నకు వినపడేవి. మాట లేకుండా మనుషులు నడిచేది, చూసుకునేది, చంపుకునేది నేను చెప్పాలి.

మస్తానుకు ఆ మాటల మీదే కోపం. "తుపాకీ పెట్టినోడు నీ అంతు చూస్తానంటాడేందప్పా. మన ఊర్లో ఆ మాట పూర్తయ్యేసరికి అవతలోడు బైకెక్కి పోయింటాడు."

"యాకప్పా, ఎందుకీ నరుకుడు," అనేవాడు కొట్రేశప్ప. "దీంట్లో నేర్చుకునేది ఏముండాది? సుమ్నే, ఊరికే బీపీ పెరుగుతాది."

"మరి దినామూ వస్తాండావే మాస్టరూ?" అనేవాడు మస్తాను.

"నేను కాఫీకి వస్తాండా."

"కాఫీ తాగినాంక ఎవరూ పట్టుకోలేదు గదా," అని వంటింట్లోంచి సుంకమ్మ వదిన.

ఒకరోజు ఈ గొడవ ముదిరి, అసలు జనం ఇంత ఘోరం ఎందుకు చూస్తారని తేల్చుకుందామన్నాడు మాస్టరు. మస్తాను భయం కోసం అన్నాడు, మన ఇంట్లో లేని భయం పక్కింట్లో చూస్తే బాగుంటుందట. నేను ఏదో పెద్దగా చెప్పాను, ఇప్పుడు గుర్తు లేదు, గుర్తు పెట్టుకోదగ్గది కూడా కాదు. పంపాపతన్న అందరి మాటా విన్నాక నెమ్మదిగా అన్నాడు. "దీంట్లో సచ్చిన ప్రతి ఒక్కనికీ ఒక శత్రువు ఉండాడు. చంపినోనికి పేరుండాది, మొగం ఉండాది. చూసేటోనికి అది ధైర్యం. మన రోడ్డు మీద సచ్చినోళ్ళకు ఎవరుండారు చెప్పండి? మలుపు ఉండాది. అంతే."

"బ్రేకు ఉండాదన్నా," అన్నాడు మస్తాను. "అందరూ బ్రేకు మీదనే ఏస్తారు." టీవీలో ఎవరో ఎవర్నో తరుముతున్నారు. ఆ పూట నేను చెప్పలేదు, ఆయన అడగలేదు.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. మొదట్లో రక్తం రంగు గురించి అంత చెప్పాను గానీ, ఆ రక్తం నేను చూసింది తక్కువ. నాకు చిన్నప్పటి నుంచీ రక్తం పడదు. కత్తి బయటికి వచ్చిందంటే కండ్లు గట్టిగా మూసుకునేవాణ్ణి. మూసుకుని, లోపల ఏది కనపడితే అది చెప్పేవాణ్ణి. ఆ గదిలో కండ్లు లేనివాళ్ళం ఇద్దరం. ఒకసారి నేను కొడవలితో మెడ నరికిస్తుంటే పంపాపతన్న, "కొడవలికి ఇంత సౌండు వస్తాదా శెట్టప్పా?" అన్నాడు. తుపాకీ పేల్చారట. మస్తాను పొట్ట పట్టుకుని నవ్వాడు. కుర్చీలో వెనక్కి జరిగేవాడన్నదీ భయంతో కాదు, ఆయనకు నడుము నొప్పి.

ఆ నవ్వుల తర్వాత కొన్నాళ్ళకే ఆ భాగం వచ్చింది. ముఠా నాయకుడి లారీ కింద సొంత డ్రైవరే పడి చస్తాడు. నాయకుడు ఆ డ్రైవరు ఇంటికి బయలుదేరతాడు. ఆ సన్నివేశంలో మాట లేదు, పాట లేదు. ఎక్కడో కుక్క మొరుగుతోంది, అంతే. ఈసారి కత్తి లేదు కాబట్టి నేను కండ్లు తెరుచుకునే ఉన్నాను. ఆ మనిషి తలుపు దాకా వచ్చాడు. చెయ్యి ఎత్తాడు. లోపల ఆడమనిషి నీడ కదిలింది. చెయ్యి దించేసి, వచ్చిన దారినే వెనక్కి పోయాడు.

"ఏం జరుగుతాండాది?" అన్నాడు పంపాపతన్న.

"తలుపు కొట్టినాడన్నా."

"ఊ."

"లోపలికి పోయినాడు. ఆ యమ్మ ముందర మోకాళ్ళ మీద కూసున్నాడు. అంతా చెప్తాండాడు."

"మాట వినపడలేదే."

"మాట పెట్టలేదన్నా. మొగంలోనే తెలుస్తాండాది."

మస్తాను నా వైపు తిరిగాడు. "క్యా రే, ఏందిది," అని గొణిగాడు. నేను చెయ్యి అడ్డం ఊపాను. పంపాపతన్న మొహం టీవీ వైపే ఉంది, చూపున్న మనిషి చూసినట్టు.

"నిజంగా లోపలికి పోయినాడా శెట్టప్పా?"

"పోయినాడన్నా."

"మంచోడు," అన్నాడు. మళ్ళీ తానే అన్నాడు. "నాకంటే మంచోడు."

మరుసటి రోజు నేను పోయేసరికి టీవీ మీద దుప్పటి కప్పి ఉంది. "సాలు బిడప్పా, ఇంక పెట్టొద్దు ఆ సీరియల్," అన్నాడు. తర్వాత మేమందరం ఊరికే కూర్చునేవాళ్ళం. కొట్రేశప్ప కాఫీ తాగి పోయేవాడు. మస్తాను రావడం తగ్గించాడు. పంపాపతన్న కుర్చీలో కూర్చుని, ఒక్కోసారి కాళ్ళు కిందికి పెట్టి లేవబోయినట్టు చేసి, మళ్ళీ వెనక్కి వాలేవాడు. కిందటి ఎండాకాలం నిద్రలో పోయాడు. అంతమందికి నిద్ర మంచం వేసిన మనిషికి ఆ చావు న్యాయమేనని ఊర్లో అనుకున్నారు.

ఆయన దగ్గర నేను నేర్చుకున్నది ఒకటే. ఎవరి కథ చెప్పినా అందులోంచి మనిషిని తీసేయకూడదు. తీసేసిన చోట దేవుణ్ణో ముసలామెనో పెట్టకూడదు. అబద్ధాలు మానానని అనను, నా వయసులో అది కుదరదు. కానీ అబద్ధం నోటికి వచ్చినప్పుడల్లా కాలువ వంతెన దగ్గర ఆగిన జీపు గుర్తొస్తుంది, ఆ ప్రశ్న వినపడుతుంది. ఒంటరిగా టీవీ ముందు కూర్చున్నా ఎదురుగా ఏం జరుగుతోందో పైకి చెబుతూనే ఉంటాను. ఇప్పుడు కండ్లు మూసుకోను. రక్తం వచ్చినా చూస్తాను.

ఇంతవరకు రాసి, ఈ పొద్దు సుంకమ్మ వదిన దగ్గరికి తీసుకుపోయి చదివి వినిపించాను. ఆమె చింతపండు గింజలు తీస్తూ విన్నది. కొడవలి దగ్గర నవ్వింది. కాఫీ మాట దగ్గర, అవును అట్లనే అంటినని తలూపింది. జీపు వెనక్కి తిప్పిన చోట ఆమె చెయ్యి ఆగింది. నేను చివరిదాకా చదివి, కాగితాలు మడిచి, ఎట్లుండాది వదినా అన్నాను.

"మంచాలు ఏపిచ్చింది నిజమే," అంది. "జీపు తిప్పలేదు శెట్టప్పా. మీరిద్దురూ నేరుగా ఇంటికే వస్తిరి, నేనే అన్నం పెడితి. ఈరమ్మకు ఇప్పటికీ తెల్దు. ఆయప్ప పోయిన పొద్దు వచ్చి కాళ్ళు మొక్కిపాయె, తెలిసింటే మొక్కునా? ఆ యమ్మ దగ్గరికి పోవల్ల, నిజం చెప్పవల్ల అని ఆయప్ప అంటానే ఉండె. కండ్లు పోయినాంక ఒక్కడే పోలేడని నిన్ను అడిగె, చెయ్యి పట్టుకోని తీసకపో అని. నువ్వు ఇప్పుడేం తొందరన్నా అని టీవీ పెడితివి."