మెర్నా పెద్దమ్మ బకెట్లో పిల్లకప్పలు

ఉడుమును పట్టడంలో మా మెర్నా పెద్దమ్మకు సాటి ఈ వాగు పొడవునా ఎవరూ లేరు. గడ్డపారతో నేలను తట్టుకుంటూ పోయేది. బోలుగా మోగిన చోట కూర్చుని తవ్విందంటే ఉడుము తోక చేతికి రావాల్సిందే. నిప్పుల్లో కాల్చి, కొవ్వు ముసలివాళ్లకు పెట్టి, మిగిలింది మాకు పంచేది.

చెరకు తోటల్లో పురుగుల్ని తింటాయని ఎప్పుడో తూర్పున ఎవడో మహానుభావుడు తెచ్చి వదిలిన కప్పలు, గెంతుకుంటూ గెంతుకుంటూ మా దాకా రాబోతున్నాయని తెలిసింది. ఒళ్లంతా విషమే. ఉడుము ఒక్కదాన్ని నోట కరిచినా చావే.

పెద్దమ్మ అన్న కొడుకు క్లిఫ్టన్ మా అడవినీ జంతువుల్నీ కాపాడే రేంజరు. వాడు ముందే వచ్చి చెప్పాడు.

"అత్తా, పెద్దవి రాకముందే మనమే వాటి పిల్లకప్పల్ని వదులుదాం. వాటికి విషం తక్కువ. ఉడుములు తిని కక్కుకుంటాయి. ఇంక జన్మలో కప్ప జోలికి పోవు."

పెద్దమ్మ గడ్డపార ఎత్తింది. "మతి పోయిందట్రా నీకు? మా అమ్మ నేలలో నా చేత్తో విషం పెట్టమంటావా? పోయిన పెద్దలకు ఏం మొహం చూపించను?"

నేల ఎవరిదో వాళ్లు వద్దంటే ఇంకెవరూ చెయ్యి పెట్టరు. మేమంతా పెద్దమ్మ వైపే. క్లిఫ్టన్ తల వంచుకుని పోయాడు.

ఆ ఏడు వానలకు పెద్దకప్పలు వచ్చి పడ్డాయి. పెద్దమ్మ గోనెసంచీ పట్టుకుని ఏరింది. ఎన్ని ఏరినా తెల్లారేసరికి మళ్లీ అన్నే. వాగు వెంట ఎక్కడ చూసినా చచ్చిన ఉడుములు. ఒకదాని నోట్లో కప్ప ఇంకా ఉంది. కప్పను కరిచిన కుక్కలకు చేసినట్టే పెద్దమ్మ దవడలు విడదీసి, కప్పను లాగి పారేసి, తడిగుడ్డతో నోరంతా తుడిచింది. "పోకే తల్లీ, నన్నొదిలి పోకే" అని ఏడ్చింది. అది ఆమె ఒళ్లోనే పోయింది. కాల్చి తినడానికి లేదు, కుక్కకు వేయడానికీ లేదు. పాతిపెట్టాం.

ఎండలు ముదిరాక గడ్డపార తీసుకుని మళ్లీ బయల్దేరింది. బోలుగా మోగిన చోటల్లా తవ్వింది. ప్రతి బొరియలోనూ కప్పలే, చల్లగా కూర్చుని ఉన్నాయి.

"ఛీ, దిక్కుమాలిన సంత! ఇల్లు కూడా మీకే కావాలా!"

ఆ సాయంత్రమే క్లిఫ్టన్‌కు కబురు పంపింది. "పిల్లకప్పలు తేరా."

"ఇక్కడింకెవరికి నేర్పాలి అత్తా? చేతులు కాలాక..."

"నాకు తెలుసులే, నోర్ముయ్. ఎగువన మా ఆయన అక్క వినిఫ్రెడ్ నేలకి కప్పలు ఇంకా రాలేదుగా."

వినిఫ్రెడ్ కూడా అప్పట్లో పెద్దమ్మలాగే తన నేలలో విషం వద్దంది. పెద్దమ్మ ఆమె కాళ్ల దగ్గర కూలబడింది.

"నీ చెయ్యి పెట్టకు వదినా. నేను వదుల్తా. పాపం తగిలితే నాకే తగలనీ."

చివరికి వినిఫ్రెడ్ "కానియ్" అని మొహం తిప్పుకుంది.

క్లిఫ్టన్, నేను వెంట వెళ్లాం. పెద్దమ్మ వాగు ఒడ్డున పిల్లకప్పల బకెట్ వంచింది. కాసేపటికి గడ్డిలోంచి ఒక ఉడుము వచ్చి, నాలుక చాచి వాసన చూసింది. పెద్దమ్మ దాని వైపు వంగింది.

"తిను తల్లీ. తిని కక్కుకో. కక్కుకుని బతుకు."

అది ఒక పిల్లకప్పను మింగింది. ఎప్పుడు కక్కుతుందా అని మేం ముగ్గురం ఆ ఎండలో కూర్చుని దాని నోటికేసే చూస్తూ ఉన్నాం.