ఫికర్ జెయ్యకన్న ఇంజినీరు

బాగున్న డిస్కును గుంజి, వలసపోయిన మా కూలీల జాడలన్నీ పోగొట్టిండు ఆ పట్నం ఇంజినీరు. నేను ఇప్పటికీ మన్నించలే.

తొంభైల చివర, పాలమూరులో మా కూలీల సంఘానికి ఒక లినక్స్ సర్వర్ ఉండేది. ఎవరిని ఏ మేస్త్రీ ఎక్కడికి తోలుకపోయిండో రెండు డిస్కుల మీదా ఒకే తీరుగ ఉండేది. ఒకటి చెడిపోయింది. సర్వర్ నడుస్తుండంగనే మారుస్తనని ఇంజినీరు, చెడ్డదానికి ఎర్ర చుక్క పెట్టి, కొత్తది తేను పోయిండు. నడుమ దసరా వచ్చింది. మావోళ్లు ఆయుధపూజ జేసి రెండు డిస్కులకూ కుంకుమబొట్లు పెట్టిండ్రు.

ఆయన తిరిగొచ్చిననాడు మక్తల్ నుంచి ఒకామె వచ్చి కూసున్నది. "పోరడు దవాఖానల ఉన్నడన్నా, మా ఆయన ఏ డ్యాం పని మీద ఉన్నడో జెప్పుండ్రి."

"సార్, చెడ్డదేదో జర స్క్రీన్ల చూడుండ్రి," అన్న నేను.

"ఫికర్ జెయ్యకు కాకా!" ఏదడిగినా అదే మాట, అదే నవ్వు. నవ్వుకుంటనే మంచిదాన్ని గుంజిండు. నడుస్తున్నదాన్ని గుంజుడుకు అదీ కరాబయింది. ఆమె జాడ తెల్వకనే బస్సెక్కింది.

తర్వాత ఇంజినీరు బస్టాండుల దొరికితే నిలబెట్టి అడిగిన, ఎందుకు చూడలేదని. ఈసారి నవ్వలే.

"అందరు సుట్టు నిలబడి నన్నే సూస్తుంటె, చెడ్డదేదో తెలుస్తలేదని ఎట్ల జెప్పాలె కాకా?"