కమలక్క సర్దిన కెమెరా సంచి

మొన్న కల్వకుర్తి బస్టాండులో అచ్చంపేట బస్సు కోసం కూర్చున్నాను. పక్క బల్ల మీద ఒక యువకుడు పెద్ద కెమెరా బ్యాగు దించి, లోపలి అరల అంటుపట్టీలు ఒక్కొక్కటే పీకుతున్నాడు. పర్రుమని ఒక చప్పుడు, వెంటనే ఇంకొకటి. కొత్త గుడ్డ చింపినట్టుండే ఆ చప్పుడు చెవిన పడగానే నా కుడి భుజం దానంతట అదే బిగుసుకుంది. ఆ బ్యాగులో రెండు కెమెరాలు, నాలుగైదు లెన్సులు, మడత స్టాండు, ఇంకా ఏవేవో ఉన్నాయి. నల్లమలలో ఫొటోలు తీయడానికి పోతున్నాడట. నేనూ అదే పని మీద బయలుదేరానంటే నా చుట్టూ వెతికి చూశాడు. "మరి మీ సామానేది అక్కా?" అన్నాడు. ఒళ్ళో ఉన్న గుడ్డసంచి చూపించాను. మర్యాదస్తుడు, నవ్వలేదు. ఆ సంచి సర్దడం నాకు నేర్పిన కమలక్క గురించి అతనికి చెప్పాలనిపించింది కానీ, అంతలోనే అతని బస్సు వచ్చేసింది.

కమలక్కది వనపర్తిలో ఒక ఫొటో స్టూడియో. భర్త పెట్టిన స్టూడియోనే. కొన్నాళ్ళు నడిపాక ఆయన పాన్‌గల్ దగ్గర ఉన్న పొలానికి పోయి అక్కడే ఉండిపోయాడు. "మా ఆయనకు మనుషులకన్న ఎద్దులు నచ్చుతయి. అవి ఫొటో మంచిగ రాలేదని కొట్లాడయి గదా" అనేది ఆమె. నేను డిగ్రీ పూర్తిచేసి బిజినేపల్లి నుంచి పనికి చేరేనాటికి కమలక్కకు యాభై అయిదు దాటాయి. నూలు చీర, బొడ్లో దోపిన కొంగు, దారం కట్టి మెడలో వేలాడేసుకున్న కళ్ళద్దాలు. గొంతు పెంచి మాట్లాడగా నేను ఎప్పుడూ వినలేదు. తిట్టినా అదే గొంతు, పొగిడినా అదే గొంతు. అందుకే మొదటి ఆరునెలలు ఏది తిట్టో ఏది పొగడ్తో తెలియక సతమతమయ్యాను.

పెళ్ళికూతురిని చేసేటప్పుడు, సీమంతాలప్పుడు ఆడమనిషే ఫొటోలు తీయాలని అడిగే ఇళ్ళు చాలా ఉండేవి. ఆ పనులన్నీ నాకు వచ్చేవి. అయితే మా వైపు పెళ్ళిళ్ళలో ఫొటోగ్రాఫరుకు విలువ కట్టేది ఫొటోలు చూసి కాదు, కెమెరా చూసి. లెన్సు ఎంత పొడుగుంటే మగపెళ్ళివారి దగ్గర అంత గౌరవం. ఒక చోట చిన్న లెన్సు బిగించుకుని పోతే "అసలాయన ఎప్పుడొస్తడు?" అని అడిగారు. అప్పటి నుంచి నేనూ రెండు కెమెరాలు మెడకు తగిలించుకుని, ఊరేగింపులో గుర్రంలా తయారై పోయేదాన్ని. నిజం చెప్పాలంటే ఆ పొడుగు లెన్సంటే నాకూ ప్రాణమే. నాకు మనుషులంటే బెరుకు. ఆ లెన్సు ఉంటే ఎవరి దగ్గరికీ పోనక్కర్లేదు. పందిరికి ఆ చివర నిలబడి ఈ చివరి మనిషి కంటనీరు కూడా తీయవచ్చు.

మూడో ఏడు పెళ్ళిళ్ళ సీజను ముగిసేసరికి కుడిచెయ్యి తిమ్మిరెక్కడం మొదలైంది. పొద్దున లేచి చాయ్ గ్లాసు పట్టుకుంటే జారిపోయేది. నాగర్‌కర్నూలు దవాఖానాలో డాక్టరమ్మ మెడ, భుజం ఒత్తి చూసి, ఇక మెడకు బరువు తగిలించుకోవద్దనీ, ఇలాగే మోస్తే చెయ్యి పట్టు తప్పుతుందనీ చెప్పింది. వెంట వచ్చిన అమ్మ నన్ను నేరుగా ఇంటికి తీసుకొచ్చింది. వచ్చాక "కమలమ్మ కెమెరాలు కమలమ్మకిచ్చి రా. చెయ్యి సక్కగుంటె బతకనీకె నూరు పనులున్నయి" అంది. నాకు వచ్చింది ఆ ఒక్క పనే. ఇష్టమైందీ అదే. మరునాడు రెండు కెమెరాలూ తీసుకుని స్టూడియోకు పోయి, బల్ల మీద పెట్టి, చెప్పవలసింది చెప్పకముందే ఏడ్చాను.

కమలక్క కళ్ళద్దాలు తుడుచుకుంటూ మొత్తం విన్నది.

"దవాఖానల ఏమన్నరు?"

"బరువు మొయ్యొద్దన్నరు అక్కా."

"ఫొటోలు తియ్యొద్దన్నరా?"

"అట్ల అనలేదు."

"మరి కెమెరాలు ఎందుకు తెచ్చి బల్ల మీద పెట్టినవ్? రేపు ఆదివారం గద్వాలకు పోదాం. ఊరికి పోయి ఫొటోలు తియ్యాలంటె నీకు ఏమేం కావాలనిపిస్తదో అన్ని సర్దుకో రా."

అన్నీ సర్దుకున్నాను. వద్దన్నప్పుడే మనిషికి అన్నీ కావాలనిపిస్తాయి కదా. బస్సెక్కే ముందు కమలక్క దారపు ఉండ తీసి నా సామానులో ప్రతి వస్తువుకూ ఒక పోగు కట్టింది. రెండు కెమెరాలకు, లెన్సులకు, ఫ్లాషుకు, స్టాండుకు, ఆఖరికి లెన్సు ముందు బిగించే రంగు అద్దాల డబ్బీకి కూడా. వాడేటప్పుడు మాత్రమే దారం తెంపాలని చెప్పింది. తన భుజానికి మాత్రం ఒక గుడ్డసంచి. అందులో పాత కెమెరాలు సగం ధరకు అమ్మే కొట్లో కొన్న చిన్న, తేలికపాటి మిర్రర్‌లెస్ కెమెరా, దానికి అరచేతిలో ఇమిడే లెన్సు. ఏటా పంటలు ఇంటికి వచ్చాక ఆడవాళ్ళ గుంపుతో యాత్రలకు పోయేటప్పుడు ఆమె వెంట తీసుకుపోయే కెమెరా అదే.

గద్వాలలో ఆటో మాట్లాడుకుని కోట చూశాం, తర్వాత కృష్ణ ఒడ్డుకు పోయాం. నీళ్ళు బాగా వెనక్కు పోయి ఉన్నాయి. దూరంగా ఇసుకలో బోర్లించిన పుట్టి పడవ నీడన కూర్చుని ఒకామె వల బాగుచేసుకుంటోంది. నా చెయ్యి అలవాటుగా పొడుగు లెన్సు మీదికి పోయింది.

"ఆ దారం తెంపకు. గీ చిన్నది వట్టుకుని నడిచి పో" అంటూ కమలక్క తన కెమెరా నా చేతిలో పెట్టింది.

"దగ్గరికి పోతె ఏమనుకుంటదో."

"ఏమనుకుంటదో నాకేం తెల్వదు. ఆమెనే అడుగు."

ఇసుకలో కాళ్ళు ఈడ్చుకుంటూ పోయాను. ఆమె తలెత్తి నన్నూ, చేతిలోని కెమెరానూ చూసింది. అది ఆమెకు ఒక లెక్కలోకి వచ్చినట్టు లేదు. "ఊకెనే నిలబడ్డవేంది, గీ కొస జర గట్టిగ వట్టుకో" అని వల అంచు నా చేతికిచ్చింది. పట్టుకుని కూర్చున్నాను. ఆమె పేరు ఈరమ్మ. పెద్ద చేప పడి వల చించుకుపోయిన సంగతి చెప్పింది, కొడుకు పెళ్ళి చెప్పింది, నాకెందుకు కాలేదని అడిగింది. ఎడమచేతిలో వల, కుడిచేతిలో కెమెరా. ఆమె దారం కొస పంటితో కొరుకుతూ నా మీద నవ్విన క్షణాన మీట నొక్కాను. ఒక ఆడమనిషి ముఖానికి అంత దగ్గరగా, ఆమె ఇష్టంతో కూర్చుని నేను తీసిన మొదటి ఫొటో అది. మెడలో ఆ పెద్ద కెమెరాలుంటే వల పట్టుకోవడానికి నాకు చెయ్యి ఖాళీ ఉండేది కాదు.

వనపర్తికి వచ్చాక బల్ల మీద అన్నీ పరిచాం. దాదాపు అన్ని దారాలూ కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. అయినా నేను వాదించాను. ఒకవేళ ఏ పక్షో ఎగిరితే? ఒకవేళ చీకటి పడితే? ఒకవేళ కెమెరా చెడిపోతే? కమలక్క ఓపికగా జవాబు చెప్పింది. "చెడిపోతె ఫోన్ల తియ్యి. చీకటైతె అన్నం తిని పండుకో. పక్షి అందకుంటె కండ్లతోని సూసి సంతోషపడు. నువ్వు సూసిందల్లా తియ్యాలని ఎవలన్న ఒట్టు వెట్టించుకున్నరా?" ఆ సాయంత్రం నా సామాను కమలక్క ఇచ్చిన ఆ చిన్న కెమెరా, ఒక లెన్సు, రెండు బ్యాటరీలు, రెండు కార్డులు, ఒక మెత్తటి గుడ్డ దగ్గరికి వచ్చింది. ఫోనుకూ కెమెరాకూ ఒకటే చార్జరు. వానకు చీరల కొట్టు కవరు. వీటిని తువ్వాలులో చుట్టి గుడ్డసంచిలో పెట్టి, ఎదురుగా ఉన్న కిరాణా కొట్టు త్రాసు మీద తూచి, నీళ్ళ సీసాతో కలిపి రెండు కిలోలు దాటకపోతేనే ఆమె ఒప్పుకుంది. స్టాండుకు బదులు చిన్న గుడ్డ తిత్తిలో పల్లికాయ పోసి ఇచ్చింది. గోడ మీదో బండ మీదో ఆ తిత్తి వేసి, పైన కెమెరా ఒత్తిపెడితే కదలదు. "వచ్చేటప్పుడు ఆకలైతె నీ ఇనుప స్టాండును తినలేవు, దీన్ని తినొచ్చు" అంది. ఇన్నేళ్ళలో ఆ స్టాండును నేను ఎన్నిసార్లు తిన్నానో, ఏయే ఊళ్ళ సంతల్లో మళ్ళీ నింపుకున్నానో చెప్పలేను.

అంతా బాగానే ఉంది కానీ, పెళ్ళిళ్ళకు ఆ చిన్న కెమెరాతో పోయేదెట్లా? దానికీ కమలక్కే ఉపాయం చెప్పింది. పాత లెన్సుల ముందు ఎండ పడకుండా బిగించే పెద్ద ప్లాస్టిక్ గొట్టం ఒకటి చిన్న లెన్సుకు అమర్చింది. పైన పని చేయని పాత ఫ్లాషు, లోపల బ్యాటరీలు లేకుండా. చూడటానికి ఫిరంగిలా ఉండేది, పట్టుకుంటే బెండులా ఉండేది. రెండు పెళ్ళిళ్ళలో గండం గడిచింది. కమలక్క కూడా వచ్చిన మూడో పెళ్ళిలో పెళ్ళికూతురి మేనమామకు అనుమానం వచ్చి ఆ కెమెరా చేతిలోకి తీసుకుని ఊపి చూశాడు. "ఏంది కమలమ్మా, గింత అల్కగున్నది? మమ్మల్ని మోసం జేస్తున్నరా?" అన్నాడు. కమలక్క దాచలేదు. "ఆ పిల్లకు భుజం బాగలేదు పటేలా. అందుకె అల్కది ఇచ్చిన. నువ్వు పైసలిచ్చేది ఫొటోలకు గదా, రేపు అవి సూసి మాట్లాడు." ఫొటోలు బాగున్నాయనే అన్నాడు. కానీ ఆ ఇంట్లో తర్వాతి పెళ్ళికి మమ్మల్ని పిలవలేదు. నా వల్ల మంచి ఇల్లు పోయిందని నేను కుములుతుంటే కమలక్క ఆ గొట్టం ఊడదీసి అటక మీద వేసి, "నువ్వు పెండ్లిళ్ళకు కాదు, తిరిగేదానికి పుట్టినవ్" అంది. తిట్టో పొగడ్తో ఆ రోజు మళ్ళీ అర్థం కాలేదు.

ఆ మాఘమాసంలోనే ఆమెకు తెలిసినాయన ఒకరు, హైదరాబాదులో యాత్రల పత్రిక నడిపే మనిషి, కృష్ణ వెంబడి ఎగువకు ఊరూరూ తిరిగి ఫొటోలు తీసేవాళ్ళు కావాలని అడిగాడట. కమలక్క నన్ను అడగకుండానే నా పేరు చెప్పేసింది. నేను గుండె రాయి చేసుకుని వద్దన్నాను. అది పెళ్ళిళ్ళ నెల, స్టూడియోలో ఆడవాళ్ళ ఫొటోలు తీసేది నేనొక్కదాన్నే, పైగా ఆ నెలలోనే బిజినేపల్లిలో మా చిన్నమ్మ కూతురు లావణ్య పెళ్ళి. "ఇక్కడిది నేను సూసుకుంట. మీ చెల్లె పెండ్లి గూడ సూసుకుంట. ఇప్పుడు పోకుంటె ఇంకెప్పుడు పోవు" అంది కమలక్క. ఎవరినో కుదుర్చుకుని ఉంటుందిలే అనుకున్నాను. గద్వాల దాటి, రాయచూరు మీదుగా, ఏటికి ఎదురు ఎక్కుతూ నెలరోజులు తిరిగాను. ఎక్కడ దిగినా ఎవరో ఒకరి పక్కన కూర్చున్నాను. మాట తెలియని చోట కూడా ఎవరో ఒకరు ఏదో ఒకటి చేతికిచ్చి పట్టుకోమన్నారు. ఆ ఫొటోలు అచ్చయ్యాక నాకు పని దొరకడం ఆగలేదు. చెయ్యి తిమ్మిరి కూడా మెల్లగా పోయింది.

లావణ్య పెళ్ళి ఫొటోలు ఫోన్లో కొన్ని చూశానే తప్ప, ఆల్బం పోయినేడు దాకా చూడలేదు. ఒక మధ్యాహ్నం వాళ్ళింట్లో తిరగేస్తుంటే, పెళ్ళికూతురు అద్దం ముందు కూర్చుని బొట్టు పెట్టుకుంటున్న ఫొటో వచ్చింది. అద్దంలో లావణ్య ముఖం వెనక ఇంకొక మనిషి కనిపించింది. నేను బల్ల మీద వదిలేసి వచ్చిన పెద్ద కెమెరా, ఆ పొడుగు లెన్సు, కింద నూలు చీర కొంగు, పక్కకు ఒరిగిన భుజం. కమలక్క.

"నీకు తెల్వదా అక్కా? ఆ సీజనంత ఆమెనే తిరిగింది. మా ఆడబిడ్డ పెండ్లిల గూడ ఆమెనే. మోకాళ్ళు నొస్తయని నడుమ నడుమ గోడకు ఆనుకునేది" అంది లావణ్య.

ఆల్బం పట్టుకుని పాన్‌గల్ పోయాను. స్టూడియో అమ్మేసి అప్పటికి ఆమె పొలం దగ్గరే ఉంటోంది. కళ్ళద్దాలు పెట్టుకుని ఆ ఫొటో చాలాసేపు చూసింది. "అద్దంల నేను వడ్డ. గిసొంటిది ఆల్బంల ఎట్ల వెట్టనిచ్చిన?" అని తలకొట్టుకుంది. "అంత బరువు ఎందుకు మోసినవక్కా, నాకు ఒక్కమాట చెప్పక" అంటే, "చెప్తె ఎనకకు వస్తవ్ గద" అంది, అదే గొంతుతో. తర్వాత ఇంకేదో గుర్తొచ్చినట్టు, "మీ చిన్నమ్మోళ్ళ పెండ్లిల పప్పు మంచిగుండె" అంది. ఆ పైన నన్ను ఏమీ అడగనివ్వలేదు. బలవంతంగా అన్నం పెట్టింది.

పోయిన వానాకాలంలో కమలక్క చనిపోయింది. ఎక్కడికి పోయినా ఎవరో ఒకరు నా సంచి చూసి, ఇంత తక్కువ సామానుతో భలే తిరుగుతున్నారే అంటారు. అవునండీ, అలవాటైపోయింది అని ఊరుకుంటాను. నేను తువ్వాలులో చుట్టిన చిన్న కెమెరాతో ఏటి వెంట తిరుగుతున్న ఆ నెలంతా, అరవైకి దగ్గరపడ్డ ఒక ఆడమనిషి నేను దించేసిన కెమెరాలను మెడకు తగిలించుకుని పెళ్ళి పందిళ్ళలో నిలబడిందని బస్టాండులో కలిసినవాళ్ళకు ఏమని చెప్పను? ఆమెకు కృతజ్ఞత అనే మాట నేను ఎన్నడూ చెప్పలేదు, చెప్పినా వినేది కాదు. నా భుజం ఇప్పుడు బాగుంది. చేతి పట్టు తప్పలేదు. ఇదంతా ఆ చేత్తోనే రాశాను.