ముప్పై ఒక్క వేల ఆటలు

సాన్ లోరెన్సో రేవులో గోధుమల లారీ వచ్చి ఆగిందంటే దాని తలరాత సరుకు నాణ్యం చూసే ఆన్సెల్మో చేతిలో ఉండేది. మెట్లెక్కి, తనకన్నా పొడవైన ఇనుప గొట్టాన్ని గింజల్లోకి అడుగుదాకా దించి పైకి లాగేవాడు. వచ్చిన పిడికెడు గింజల్ని వాసన చూసి, ఒకటి కొరికేవాడు. ఐదు చోట్ల గుచ్చాలని రూలు. ఆయనకు మాత్రం మొదటి పిడికిట్లోనే తీర్పు అయిపోయేది, మిగతా నాలుగూ రూలు కోసం గుచ్చేవాడు. అన్నం ఉడికిందో లేదో చూడడానికి ఒక్క మెతుకు చాలంటారు కదా. ఇరవై ఆరేళ్లలో ఆయన మాట తప్పయిన లారీలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ సంగతి ఆయనకూ బాగా తెలుసు, అదే వచ్చిన చిక్కు.

తమ్ముడు దార్దో ఆయనకన్నా పద్నాలుగేళ్లు చిన్న. తల్లి పోయాక అన్నే పెంచాడు. పనిచేస్తున్న సైకిళ్ల షాపు మూతపడ్డాక దార్దో కంప్యూటర్లో డబ్బు పెట్టి ఆడే పోకర్ పేకాట మొదలుపెట్టాడు. నేర్పింది పక్కవీధి నోయెమీ, పదేళ్లుగా ఆ ఆట మీదే బతుకుతున్న మనిషి. మూడు నెలలు చూస్తాననీ, ఆ తర్వాత తన మాట వినాలనీ అన్న షరతు పెట్టాడు. దార్దో మొదటి నెల గెలిచాడు, తర్వాత రెండు నెలలూ ఓడాడు. మొత్తం మీద నష్టమే.

గడువు తీరిన ఆదివారం, వాకిట్లో మాతే ఆకుల టీ తాగుతూ ఆన్సెల్మో అడిగాడు.

"ఏరా, ఎన్ని ఆటలు ఆడావు?"

"ముప్పై ఒక్క వేలు. ముక్కలు పంచిన ప్రతిసారీ ఒక ఆట లెక్క."

"అన్ని ఆడి ఓడాక ఇంకేం తేలాలి?"

"అవి చాలవన్నా. బాగా ఆడేవాడు కూడా అన్ని ఆటల్లో ఓడొచ్చు. ఒక్కో ఆటలో అదృష్టం బండెడు, నా తెలివి గింజంత. ఆ గింజ కనపడాలంటే లక్షన్నర ఆటలన్నా కావాలి."

"ఆడలేక మద్దెల ఓడన్నాడట నీలాంటోడే! ముప్పై టన్నుల లారీ సంగతి నేను పిడికెడుతో చెప్తానురా."

"లారీలో గోధుమలు రేపటికి మారిపోవు. ఇక్కడ ప్రతిసారీ ముక్కలు మళ్లీ కలుపుతారన్నా." దార్దో బతిమాలుతూ, "ఇంకొన్ని చూడన్నా" అన్నాడు.

అన్న చూడనన్నాడు. తమ్ముడు ఏనాడూ ఆయన మాట దాటినవాడు కాదు, కంప్యూటర్ మూసేశాడు. ఆన్సెల్మో వాళ్లనీ వీళ్లనీ పట్టుకుని రేవులోనే ఒక గోదాములో వాడికి పని ఇప్పించాడు. ధాన్యం నింపే ఎత్తైన గుండ్రటి కొట్లలోకి దిగి శుభ్రం చేసే పని. తమ్ముణ్ణి ఒడ్డున పడేశానని నలుగురితో చెప్పుకుని మురిసిపోయాడు.

ఏడో వారం, గోడకు గడ్డకట్టిన గోధుమలు ఒక్కసారిగా విరిగి దార్దో మీద పడ్డాయి. పైకి తీయడానికి గంట పట్టింది. ఆ గంటసేపూ ఆన్సెల్మో పార వదల్లేదు, ఎవరు లాగినా వదల్లేదు. తీసేసరికి వాడు ప్రాణాలతో లేడు.

నెల తిరిగాక తమ్ముడి కంప్యూటర్ చంకన పెట్టుకుని నోయెమీ ఇంటికి వెళ్లాడు.

"వీడి ఆటలన్నీ ఇందులో ఉన్నాయటమ్మా. గెలిచేవాడా, ఓడేవాడా? ఒక్క మాట చెప్పు."

నోయెమీ మూడు రోజులు కూర్చుని చూసింది. నాలుగో రోజు ఆయన వచ్చేసరికి ఆవిడ కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"తెలియదు అన్నయ్యా."

"నాకు నొప్పి కలుగుతుందని దాచకు."

"దాస్తే పాపం తగుల్తుంది. కొన్ని బాగా ఆడాడు, కొన్ని తప్పులు చేశాడు. లెక్క వేస్తే గెలిచేవాడై ఉండొచ్చు, ఓడేవాడూ అయ్యుండొచ్చు. ఈ కాసిన్ని ఆటలతో దేవుడు దిగొచ్చినా చెప్పలేడు."

"మరి ఎవరు చెప్తారు?"

"మిగతా ఆటలు చెప్పాలి."

ఆన్సెల్మో అక్కడే గోడవారన కూలబడ్డాడు. ఓడేవాడని తేలితే, ఆపించి మంచే చేశాననుకుని బతికేవాడు. గెలిచేవాడని తేలితే తల బాదుకుని ఏడ్చేవాడు. రెండూ దక్కలేదు. మిగతా ఆటలు లేకుండా చేసింది తనే. "నేనే ఆపించానమ్మా" అని పైకే అన్నాడు. నోయెమీ ఆయన పక్కన కూర్చుంది.

ఇప్పుడు ఆయన దగ్గర లారీల వరస ఊరిదాకా సాగుతోంది. ఐదు చోట్ల గుచ్చుతాడు, ఎనిమిది చోట్ల గుచ్చుతాడు, పిడికెడు పట్టుకుని అలాగే నిలబడతాడు. మొన్న ఒక డ్రైవరు కింద నుంచి అరిచాడు.

"ఓ పెద్దాయనా! గోధుమలు చూస్తున్నావా, బావి తవ్వుతున్నావా? పన్నెండుసార్లు గుచ్చావు! బాగున్నాయో లేదో చెప్పి చావు!"

బంగారంలాంటి గోధుమలు. ఆ సంగతి ఆన్సెల్మోకు మొదటి పిడికిట్లోనే తెలిసింది. అయినా గొట్టం మళ్లీ పైకెత్తాడు.

"కోప్పడకు బాబూ," అన్నాడు. "ఇంకొన్ని చూడనీ."